‘అట’ అనే మాట వెనక ఎవరున్నారు?

రాత్రి పొద్దుపోయాక ఎవరో తలుపు దబదబా బాదారు. ముహమ్మద్ ప్రవక్త సహచరుడు ఉమర్ ఉలిక్కిపడి లేచి బయటికి వచ్చారు. ఎదురుగా పక్కింటి అన్సారీ, అంటే మదీనా స్థానిక ముస్లిం, నిలబడి ఉన్నాడు. ఇద్దరి ఇళ్ళూ మదీనాకు ఎగువన, ఊరికి కాస్త ఎడంగా ఉండే పేటలో ఉన్నాయి. పనులు మానుకుని రోజూ మస్జిద్‌కు వెళ్ళడం కుదరక ఇద్దరూ వంతులు వేసుకున్నారు. ఒకరోజు ఉమర్ వెళ్ళి అక్కడ విన్నది, చూసినది వచ్చి చెప్పేవారు. మర్నాడు ఆ పని పక్కింటాయనది. ఆ రోజు వంతు ఆయనదే.

“పెద్ద ఘోరం జరిగిపోయింది” అన్నాడు.

“ఏమైంది? గస్సాన్ వాళ్ళు వచ్చిపడ్డారా?” అని అడిగారు ఉమర్. సిరియా వైపున్న గస్సాన్ పాలకులు గుర్రాలకు నాడాలు కొట్టిస్తున్నారని, ఎప్పుడైనా మదీనా మీద పడతారని అప్పటికే ఊరంతా టెన్షన్‌లో ఉంది.

“అంతకన్నా పెద్దదే. దైవప్రవక్త తన భార్యలకు విడాకులు ఇచ్చేశారు.”

ఆ భార్యల్లో ఉమర్ కూతురు హఫ్సా ఒకరు. తెల్లవారగానే ఉమర్ ఊళ్ళోకి వెళ్ళారు. హఫ్సా ఏడుస్తూ కూర్చుని ఉంది. “నీకు విడాకులు ఇచ్చారా?” అని అడిగితే “తెలియదు” అంది. మస్జిద్‌లో జనం నేల మీది గులకరాళ్ళను కొడుతూ దిగాలుగా కూర్చున్నారు. కొందరు కన్నీళ్ళు పెట్టుకుంటున్నారు. ప్రవక్త మేడగదిలో ఒక్కరే ఉన్నారు. లోపలికి వెళ్ళేందుకు ఉమర్ అనుమతి అడిగించారు. జవాబు రాలేదు. రెండోసారి అడిగించినా రాలేదు. మూడోసారి కూడా అంతే కాబోలని వెనుదిరుగుతుంటే పిలుపు వచ్చింది. లోపల ప్రవక్త ఈతాకు చాప మీద పడుకుని ఉన్నారు. ఒంటి మీద చాప అచ్చులు పడి ఉన్నాయి. ఉమర్ కూర్చోకుండా, నిలబడే అడిగారు. “దైవప్రవక్తా, మీ భార్యలకు విడాకులు ఇచ్చారా?”

ఆయన కళ్ళెత్తి “లేదు” అన్నారు.

ఊరంతా రాత్రి నుంచి కుమిలిపోతున్న విషయం ఆ ఒక్క మాటతో తేలిపోయింది. ప్రవక్త నెల రోజులు భార్యలకు దూరంగా ఉంటానని ఒట్టు పెట్టుకున్న మాట నిజం. దాన్ని చూసిన జనం మిగతాది తామే ఊహించుకున్నారు. ఉమర్ అనుమతి తీసుకుని మస్జిద్ గుమ్మం దగ్గర నిలబడి, ఆయన విడాకులు ఇవ్వలేదని గొంతెత్తి చాటారు.

హదీసుల (ప్రవక్త మాటలు, చేతల కథనాల) సంకలనమైన సహీహ్ ముస్లింలోని కథనం ఖుర్ఆన్‌లోని నిసా సూరా (అధ్యాయం) 83వ వాక్యాన్ని ఈ సంఘటనతోనే ముడిపెడుతుంది. భద్రతకో భయానికో సంబంధించిన వార్త అందగానే దాన్ని ఊరంతా చాటేస్తారని, అలా కాక ప్రవక్తకు, బాధ్యతగల వారికి చేరవేసి ఉంటే అందులో నిజమెంతో రాబట్టగలిగిన వారికి తెలిసేదని దాని సారాంశం. నిజం రాబట్టడానికి అక్కడ వాడిన అరబీ మాట ‘ఇస్తింబాత్’. బావి తవ్వినప్పుడు అడుగున మొదట పడే ఊటకు చెందిన ధాతువు అది. నిజం నేల మీద పారుతూ దొరకదు, తవ్వితేగాని ఊట పడదు అన్న భావం ఆ ఒక్క మాటలో ఉంది.

తెలుగులో ‘వచ్చాడు’ వేరు, ‘వచ్చాడట’ వేరు. చివర ఒక్క ‘ట’ చేరితే అది కళ్ళారా చూసింది కాదు, ఎవరో చెప్పగా విన్నది అని అర్థమైపోతుంది. భాషే మనకిచ్చిన జాగ్రత్త అది. పక్కింటాయన ‘ఇచ్చారట’ అనలేదు, ‘ఇచ్చేశారు’ అన్నాడు. పుకారు వార్తగా మారే చోటు సరిగ్గా అదే. అయితే ఈ ‘అట’కు ఇంకో ముఖం కూడా ఉంది. బాధ్యత తీసుకోకుండా మాట దొర్లించడానికి ఇంతకన్నా వీలైన ప్రత్యయం లేదు. అరబీలో దీనికి దగ్గరి మాట ‘జఅమూ’, అంటే ‘జనం అంటున్నారు’. మనిషి ఎక్కి తిరిగే వాహనాల్లో ‘జఅమూ’ చాలా చెడ్డదని ప్రవక్త అన్నట్టు అబూ దావూద్ హదీసు సంకలనంలో ఉంది. ఊరు దాటడానికి ఒంటె ఎక్కినట్టు, తన మాటను అవతలి వాళ్ళ చెవిలోకి చేర్చడానికి మనిషి ‘అట’ను ఎక్కుతాడు. చిన్నదైనా చాలా లోతైన పరిశీలన ఇది.

తొలి ముస్లిం సమాజం పుకార్ల వల్ల నిజంగా దెబ్బతిన్న సమాజం. మక్కాలో హింస భరించలేక అబిసీనియాకు వలస వెళ్ళిన తొలి బృందానికి, మక్కా వాళ్ళంతా ఇస్లాం స్వీకరించారన్న వార్త చేరింది. కొందరు ఆశగా తిరుగు ప్రయాణమయ్యారు. మక్కా దగ్గరికి వచ్చాక అది అబద్ధమని తెలిసింది. క్రీ.శ. 625లో ఉహుద్ యుద్ధంలో జెండా మోస్తున్న ముస్అబ్ చనిపోతే, చంపినవాడు ప్రవక్తనే చంపాననుకున్నాడు. ఆ కేక మైదానమంతా పాకేసరికి చాలామంది చేతులు దించేశారు. అందుకే ఈ విషయంలో తొలినాటి జాగ్రత్త పుస్తకాల్లోంచి పుట్టింది కాదు, దెబ్బలు తిని నేర్చుకున్నది. ఈ సంఘటనలు మనకు చేరింది మాత్రం వాటి తర్వాత నూరు, నూటయాభై, రెండొందల ఏళ్ళకు గ్రంథస్థమైన సంప్రదాయ కథనాల ద్వారానే. పాఠాల మధ్య తేడాలు ఉన్నాయి. కానీ ఆ సమాజం తనకు తాను ఏ విలువను గుర్తు చేసుకుంటూ వచ్చిందో ఈ కథనాలు స్పష్టంగానే చెబుతాయి.

ఒక హారం, ఒక నెల

పుకారు ముందు నాయకుడు ఎలా ఉండాలన్న ప్రశ్న అన్నిటికన్నా కఠినంగా ఎదురైంది ప్రవక్త భార్య ఆయిషా మీద పడిన నింద సమయంలో. చరిత్రలో దీన్ని ‘ఇఫ్క్’ అంటారు. కట్టుకథ అని దాని అర్థం. హిజ్రీ 5 లేదా 6వ ఏడు, బనూ ముస్తలిక్ తెగ మీదికి వెళ్ళిన దండయాత్ర నుంచి తిరుగు ప్రయాణంలో జరిగింది.

నింద పుట్టకముందే ఆ ప్రయాణంలో వాతావరణం చెడిపోయింది. మురైసీ అనే నీటి వనరు దగ్గర ఒక ముహాజిర్ (మక్కా నుంచి వలస వచ్చిన) మనిషికీ అన్సార్ల తరఫు మనిషికీ నీళ్ళ కాడ గొడవైంది. మదీనా పెద్దల్లో ఒకడైన అబ్దుల్లా బిన్ ఉబయ్, ఊరికి తిరిగి వెళ్ళాక గౌరవం ఉన్నవాళ్ళు లేనివాళ్ళను వెళ్ళగొడతారని అన్నాడు. జైద్ బిన్ అర్ఖమ్ అనే కుర్రవాడు విని వచ్చి చెప్పాడు. అబ్దుల్లాను చంపించమని ఉమర్ అంటే, “ముహమ్మద్ తన తోటివాళ్ళనే చంపుతున్నాడని జనం చెప్పుకోరా?” అని ప్రవక్త ఒప్పుకోలేదు. వెంటనే, మామూలుగా ఎవరూ కదలని వేళలో సైన్యాన్ని బయలుదేరదీశారు. ఆ పగలంతా, ఆ రాత్రంతా, మర్నాడు ఎండ ముదిరేదాకా నడిపించారు. ఆగగానే అందరూ ఒళ్ళు తెలియకుండా పడి నిద్రపోయారు. జరిగిన గొడవ గురించి గుమిగూడి మాట్లాడుకునే తీరిక లేకుండా చేయడమే ఆయన ఉద్దేశమని ప్రవక్త జీవితచరిత్రకారుడు ఇబ్న్ ఇస్‌హాఖ్ రాశారు. గొంతులు నొక్కకుండా, ఒక్కరినీ శిక్షించకుండా, ఒక పుకారుకు కావలసిన తీరికను మాత్రం తీసేశారు.

మదీనా దగ్గరపడ్డాక ఒక రాత్రి మజిలీలో ఆయిషా కాలకృత్యాలకు పక్కకు వెళ్ళారు. తిరిగి వచ్చి మెడ తడుముకుంటే యెమెన్ పూసల హారం లేదు. వెతకడానికి మళ్ళీ వెళ్ళారు. ఈలోగా మనుషులు వచ్చి ఆమె కూర్చునే అంబారీని ఎత్తి ఒంటె మీద పెట్టేశారు. చిన్న వయసు, తేలికైన ఒళ్ళు. లోపల మనిషి లేదని వాళ్ళకు తెలియలేదు. ఆమె హారంతో తిరిగి వచ్చేసరికి మజిలీలో ఎవరూ లేరు. తను లేదని తెలిస్తే వెతుక్కుంటూ ఇక్కడికే వస్తారని అక్కడే కూర్చుని నిద్రపోయారు. సైన్యం వెనకగా వస్తున్న సఫ్వాన్ ఆమెను చూసి ‘ఇన్నా లిల్లాహి’ అనడంతో మెలకువ వచ్చింది. అతను ఇంకొక్క మాట మాట్లాడలేదు. ఒంటెను కూర్చోబెట్టాడు, ఆమె ఎక్కారు, అతను పగ్గం పట్టుకుని నడిచాడు. మిట్టమధ్యాహ్నం వేళ సైన్యాన్ని కలిశారు.

జరిగింది ఇంతే. మిగతాది ఆ అబ్దుల్లా బిన్ ఉబయ్ కల్పించాడు, ఊరు పూర్తి చేసింది. విచిత్రమేమిటంటే ఆ మాటను మోసినవాళ్ళలో శత్రువులే కాదు, సొంతవాళ్ళూ ఉన్నారు. ప్రవక్త తరఫున కవిత్వం చెప్పిన హస్సాన్, ఆయిషా తండ్రి అబూ బక్ర్ చేతి అన్నం తింటున్న బంధువు మిస్తహ్, ఆయిషా సవతి జైనబ్‌కు చెల్లెలైన హమ్నా ఆ పేర్లలో ఉన్నారు. అక్క కోసం పోటీపడి హమ్నా మాట్లాడింది. కానీ లాభపడగలిగిన అక్క మాత్రం, ప్రవక్త అడిగినప్పుడు, “నా చెవినీ నా కంటినీ కాపాడుకుంటాను. ఆమె గురించి మంచి తప్ప నాకేమీ తెలియదు” అంది. ఇఫ్క్ కథలో జైనబ్ చెప్పిన ఈ మాటకు రావలసినంత పేరు రాలేదు. తనకు మేలు చేసే పుకారును తోసిపుచ్చడం అన్నిటికన్నా కష్టం.

ఆయిషాకు నెల రోజుల దాకా ఏమీ తెలియదు. ఆమె జ్వరంతో మంచాన పడ్డారు. భర్త వచ్చి, మునుపటి ఆప్యాయత లేకుండా, “ఎలా ఉంది?” అని మాత్రం అడిగి వెళ్ళిపోతున్నారు. ఎందుకో అర్థం కాలేదు. ఒక రాత్రి మిస్తహ్ తల్లితో బయటికి వెళ్తుంటే, ఆ పెద్దావిడ తన దుస్తుల అంచు తట్టుకుని తూలి “మిస్తహ్ నాశనమైపోను!” అంది. “బద్ర్ యుద్ధంలో పాల్గొన్న మనిషిని అలా తిడతారేం?” అన్నారు ఆయిషా. తన మీద నింద మోస్తున్న మనిషిని, ఆ సంగతి తెలియకుండానే, ఆమె వెనకేసుకొచ్చారు. అప్పుడు ఆ తల్లి మొత్తం చెప్పింది. ఆయిషా పుట్టింటికి వెళ్ళడానికి అనుమతి అడిగారు. ఎందుకంటే, ఆ మాట నిజంగా ఊళ్ళో నడుస్తోందో లేదో అమ్మానాన్నల దగ్గర రూఢి చేసుకోవడానికి. గుండె పగిలే ఆ క్షణంలో కూడా ఆమె మొదట చేసిన పని విన్నదాన్ని సరిచూసుకోవడమే.

ఈ నెల రోజుల్లో ప్రవక్త ఏం చేశారన్నది నాయకత్వం గురించి ఆలోచించే వారికి ముఖ్యం. ఆయన చేతిలో అధికారం ఉంది. ‘నా భార్య నిర్దోషి, ఇంకెవరూ నోరెత్తకూడదు’ అని ఒక్క మాట అంటే ఊరు నోరు మూసుకునేది. కానీ ఆ మాటకు విలువ ఉండేది కాదు. భర్తగా ఆయన అలా అనక ఏం చేస్తారని లోలోపల అనుకునేవాళ్ళు. ఆయన దగ్గరివాళ్ళను అడిగారు. ఉసామా ఆమె మంచితనానికి హామీ ఇచ్చాడు. అలీ సలహా వేరుగా ఉంది. స్త్రీలకు కొదవ లేదని, పనిమనిషిని అడిగితే నిజం చెబుతుందని అన్నారు. బరీరా అనే ఆ పనిమనిషి చెప్పిన సాక్ష్యం వింటే ఇప్పటికీ ముచ్చటేస్తుంది. ఆమెలో తను ఎంచగలిగిన తప్పు ఒక్కటే, పిండి కలిపి పెట్టి నిద్రపోతుంది, మేక వచ్చి తినేస్తుంది. ఇంట్లో రోజూ చూసే మనిషి ఇచ్చే సాక్ష్యానికి ఉండే బరువు ఇదే. అందులో పొగడ్త లేదు. పిండి ఉంది, మేక ఉంది, కునుకు తీసే చిన్న వయసు పిల్ల ఉంది.

తర్వాత ఆయన మస్జిద్‌లో నిలబడి, తన కుటుంబం విషయంలో తనను బాధపెట్టిన మనిషి సంగతి మాట్లాడారు. భార్య గురించి, సఫ్వాన్ గురించి తనకు మంచే తెలుసన్నారు. ఆ సభ సాఫీగా సాగలేదు. ఔస్, ఖజ్రజ్ తెగల పెద్దలు ఒకరినొకరు నిలదీసుకున్నారు, పాత పగలు లేచాయి, కొట్టుకునేదాకా వచ్చింది. ఆయన మిగతాది పక్కనపెట్టి వాళ్ళను చల్లార్చారు. తన గౌరవం కోసం ఊరు రెండుగా చీలడం ఆయనకు ఇష్టం లేదు. ఆ రోజు ఆయన వెనక్కి తగ్గారంటే అది బలహీనత కాదు, తన గాయాన్ని పక్కన పెట్టగలగడం.

చివరికి నూర్ సూరా వాక్యాలు ఆయిషా నిర్దోషి అని తేల్చాయి. తల్లి “లేచి ఆయనకు కృతజ్ఞత చెప్పుకో” అంటే, ఆమె “లేవను, దేవుణ్ణి తప్ప ఎవరినీ స్తుతించను” అన్నారు. నెల రోజులు తనను అనుమానంలో ఉంచిన వాళ్ళందరి ముందూ ఒక చిన్న వయసు స్త్రీ చెప్పిన ఈ జవాబును సంప్రదాయం చెరిపేయకుండా, ఆమె మాటగానే భద్రపరిచింది.

ఆ వాక్యాల్లో రెండు మాటలు ఆపి చదవాలి. ఒకటి, ఈ మాట విన్నప్పుడు విశ్వాసులు తమ గురించి తాము మంచిగా ఎందుకు అనుకోలేదన్న ప్రశ్న. నింద పడింది ఇంకొకరి మీద. అయినా ‘తమ గురించి’ అంది ఖుర్ఆన్. మదీనాలో అబూ అయ్యూబ్ ఇంట్లో ఇదే సంభాషణ నడిచింది. భార్య ఈ పుకారు ఎత్తితే, “నువ్వు అయితే అలా చేసేదానివా?” అని అడిగాడు. “లేదు” అంది. “ఆయిషా నీకంటే మంచిది” అన్నాడు. ఆ ఇంటికి సాక్షులు అవసరం కాలేదు.

రెండోది, ‘మీరు దాన్ని మీ నాలుకలతో అందుకున్నారు’ అన్న మాట. వార్తను చెవులతో అందుకుంటారు. ఇక్కడ నాలుకతో అన్నారు, ఎందుకంటే చెవికీ నాలుకకూ మధ్య ఆగే చోటు లేకుండా పోయింది. ఫోన్‌లో వచ్చింది వచ్చినట్టే ఫార్వర్డ్ అయిపోవడాన్ని వర్ణించడానికి ఇంతకన్నా సరైన మాట దొరకడం కష్టం.

‘నిప్పు లేనిదే పొగ రాదు’ అని మన దగ్గర సామెత. ఎన్నో జీవితాలను కాల్చిన సామెత ఇది. నూర్ సూరా నిలబడింది సరిగ్గా ఈ సామెతకు ఎదురుగా. నలుగురు సాక్షులను తీసుకురాలేకపోతే చెప్పినవాళ్ళే అబద్ధీకులు, నిరూపించలేని నింద వేసినవారికి 80 కొరడా దెబ్బలు. నిరూపించాల్సిన భారం ఎవరి మీద పడిందో చూడాలి. నింద పడిన స్త్రీ తన పవిత్రతను నిరూపించుకోనక్కర్లేదు. నోరు తెరిచినవాడే సాక్ష్యం చూపాలి. పొగ కనబడితే, అది పెట్టినవాడి చేతులు వాసన చూడమన్నట్టు.

దీనికి ఇంకో చివర కూడా ఉంది. మిస్తహ్‌కు ఇకపై ఒక్క దీనారం ఇవ్వనని అబూ బక్ర్ ఒట్టేశారు. కూతురు పడిన బాధ చూసిన తండ్రి కోపం అది, ఎవరూ తప్పుపట్టలేరు. కానీ అదే సూరాలో, కలిమి ఉన్నవారు బంధువులకు, పేదలకు ఇవ్వబోమని ఒట్లు పెట్టుకోకూడదు, క్షమించాలి అన్న వాక్యం వచ్చింది. అబూ బక్ర్ ఆ సాయాన్ని మళ్ళీ మొదలుపెట్టి, ఎప్పటికీ ఆపనన్నారు. పుకారు మోసినవాడికి శిక్ష ఉంది, కానీ అతని కంచంలో అన్నం తీసేయడం ఆ శిక్షలో భాగం కాదు.

మేలు చేసే అబద్ధం

తనకు హాని చేసే పుకారును ఖండించడం ఏ నాయకుడైనా చేస్తాడు. తనను ఆకాశానికి ఎత్తే పుకారు వచ్చినప్పుడు ఏం చేస్తాడన్నదే అసలు పరీక్ష. క్రీ.శ. 632 జనవరి చివర్లో, ప్రవక్త కొడుకు ఇబ్రహీం చనిపోయాడు. రెండేళ్ళు కూడా నిండని పసివాడు. ఆ రోజే సూర్యగ్రహణం పట్టింది. ప్రవక్త బిడ్డ పోయినందుకు సూర్యుడే చీకటయ్యాడని జనం అనుకున్నారు. ఎవరో కుట్రతో అల్లినది కాదది, ప్రేమతో అన్న మాట. ఆయన ఏమీ అనకుండా ఊరుకున్నా ఎవరూ తప్పుపట్టేవారు కాదు. బిడ్డను మట్టిలో పెట్టిన రోజు అది. కానీ ఆయన గ్రహణ నమాజ్ చేయించి, సూర్యుడు, చంద్రుడు దేవుని నిదర్శనాల్లో రెండు మాత్రమేనని, ఎవరు చనిపోయినందుకో పుట్టినందుకో వాటికి గ్రహణం పట్టదని ప్రజలకు చెప్పారు. తన మహిమకు పనికొచ్చే అబద్ధాన్ని, తన దుఃఖంలోనే, తన నోటితోనే కొట్టేశారు. ఇంతకు మించిన ఉదాహరణ ఈ విషయంలో వెతకనక్కర్లేదు.

పుకారు పుట్టకముందే దారి మూసేసిన సంఘటన ఒకటుంది. ఒక రంజాన్ రాత్రి ఏతికాఫ్‌లో, అంటే ఆరాధన కోసం మస్జిద్‌లోనే ఉండిపోయే దీక్షలో ఉండగా, చూడటానికి వచ్చిన భార్య సఫియ్యాను ప్రవక్త కొంత దూరం సాగనంపుతున్నారు. ఇద్దరు అన్సారీలు చూసి వడివడిగా వెళ్ళిపోబోయారు. “ఆగండి, ఈమె హుయయ్ కూతురు సఫియ్యా” అన్నారాయన. వాళ్ళు నొచ్చుకున్నారు, మిమ్మల్ని అనుమానిస్తామా అని. మనిషి ఒంట్లో రక్తంలా సైతాన్ తిరుగుతుంటాడని, మీ మనసుల్లో ఏదైనా వేస్తాడేమోనని భయపడ్డానని ఆయన చెప్పారు. నాయకుడికి తన నిజాయితీ తనకు తెలిస్తే చాలదు, చీకట్లో ఎదురుపడిన ఇద్దరికి కూడా అది కనబడాలి.

అయితే తెలిసిన ప్రతి నిజాన్నీ ఆ క్షణంలోనే చాటడం కూడా ఆయన పద్ధతి కాదు. 627లో కందక యుద్ధంలో మదీనాను సుమారు 10,000 మంది చుట్టుముట్టారు, లోపల ఉన్నది 3,000. మదీనాలోనే ఉన్న యూదు తెగ బనూ ఖురైజా ఒప్పందం తప్పారన్న వార్త వచ్చింది. ప్రవక్త నమ్మకస్తులను విచారణకు పంపుతూ, వార్త అబద్ధమైతే అందరి ముందూ చెప్పండి, నిజమైతే నాకు మాత్రమే అర్థమయ్యే సైగ మాట చెప్పండి, జనం గుండె జారనివ్వకండి అన్నారు. వాళ్ళు వచ్చి “అదల్, ఖారా” అన్నారు. అంతకు ముందు బోధకులను నమ్మించి చంపించిన తెగల పేర్లవి. ఆయనకు అర్థమైంది. అదే ముట్టడిలో నుఐమ్ అనే అతను శత్రు పక్షాల మధ్య మాటలు మార్చి చెప్పి అపనమ్మకం రేపాడన్నది కూడా దాచాల్సిన విషయం కాదు. యుద్ధమంటే ఎత్తుగడ అన్న హదీసు అందరికీ తెలిసిందే. కత్తి దూసిన శత్రువును ఏమార్చడం వేరు, తనను నమ్మిన జనానికి అబద్ధం చెప్పడం వేరన్న గీత అక్కడ ఉంది. తన వాళ్ళకు ఆయన చెప్పవలసింది ఆలస్యంగా చెప్పారేమో గాని, లేనిది చెప్పలేదు.

హుజురాత్ సూరా ఆరో వాక్యం ఈ మొత్తానికి చట్టంలాంటిది. వ్యాఖ్యాతలు చెప్పే నేపథ్యం ప్రకారం, వలీద్ బిన్ ఉఖ్బాను జకాత్ (విధిగా ఇచ్చే దానం) వసూలుకు బనూ ముస్తలిక్ తెగ దగ్గరికి పంపారు. వాళ్ళు ఎదురొస్తుంటే చంపడానికి వస్తున్నారని భయపడి, సగం దారిలోంచే తిరిగొచ్చి జకాత్ ఇవ్వమన్నారని చెప్పాడు. వాళ్ళు నిజానికి స్వాగతం చెప్పడానికి వచ్చారు. దండు వెళ్ళాల్సినంత పని అయింది. చెడు నడత గలవాడు వార్త తెస్తే సరిచూసుకోండి, తెలియక ఒక జనానికి హాని చేసి తర్వాత పశ్చాత్తాపపడతారేమో అన్నది ఆ వాక్యం. తొందరపాటు ఎవరి నెత్తిన పడుతుందో కూడా అందులోనే ఉంది.

ప్రవక్త తర్వాత

632లో ప్రవక్త కన్నుమూసిన రోజు, అంతకు ముందు మస్జిద్ గుమ్మంలో నిజం చాటిన ఉమరే, ఆయన చనిపోలేదని, అలా అన్నవారి సంగతి చూస్తానని జనం ముందు అన్నారు. దుఃఖం ఎంత గట్టి మనిషినైనా అక్కడిదాకా తెస్తుంది. అబూ బక్ర్ మదీనా శివారులోని సున్హ్ నుంచి వచ్చి, లోపలికి వెళ్ళి, ముఖం మీది గుడ్డ తీసి ముద్దుపెట్టుకుని, స్వయంగా చూసి నిర్ధారించుకున్నారు. ఆ తర్వాతే బయటికి వచ్చి మాట్లాడారు. ముహమ్మద్‌ను ఆరాధించేవారు ఉంటే ఆయన చనిపోయారని తెలుసుకోండి, దేవుణ్ణి ఆరాధించేవారు ఉంటే ఆయన సజీవుడు అన్నారు. ఉహుద్ పుకారు సందర్భంలో వచ్చిన వాక్యాన్నే చదివారు. ఉమర్ కాళ్ళలో సత్తువ పోయి కూలబడిపోయారు. నమ్మబుద్ధి కాని నిజాన్ని, ప్రేమించినవాడే చెప్పాల్సిన సమయం అది. మర్నాడే ఖలీఫాగా, అంటే ప్రవక్త తర్వాత సమాజానికి నాయకుడిగా, మొదటి ప్రసంగంలో అబూ బక్ర్, నేను మీ అందరిలో ఉత్తముణ్ణి కాకపోయినా నాకు బాధ్యత వచ్చింది, సరిగ్గా నడిస్తే సాయపడండి, తప్పితే సరిదిద్దండి, నిజం అమానత్ (నమ్మి అప్పగించిన బాధ్యత), అబద్ధం ద్రోహం అన్నారు.

ఉమర్ ఖలీఫా అయ్యాక సాక్ష్యం అడగడాన్ని పరిపాలనలోకి తెచ్చారు. మూడుసార్లు అనుమతి అడిగి రాకపోతే వెనుదిరగాలన్న హదీసును ప్రవక్త సహచరుడు అబూ మూసా చెబితే, సాక్షిని తెమ్మన్నారు. ఆయనను అనుమానించి కాదు, రూఢి చేసుకోవాలని. అబూ మూసా రంగు మారిన ముఖంతో అన్సార్ల మధ్యకు వెళితే, వాళ్ళలో చిన్నవాడైన అబూ సయీద్ అల్ ఖుద్రీ వచ్చి సాక్ష్యమిచ్చాడు. ఎంత పెద్దవాళ్ళైనా ‘నేను విన్నాను’ అంటే చాలదన్నమాట.

ఇరాక్‌లోని కూఫా గవర్నర్ సఅద్ మీద ఫిర్యాదులు వచ్చినప్పుడు ఇంకా శ్రద్ధగా నడిచింది. ఇరాన్ యుద్ధాలు గెలిపించిన సేనాని మీద, నమాజ్ కూడా సరిగ్గా చేయించడని అన్నారు. ఉమర్ ఆయననే పిలిపించి ఎదురుగా అడిగారు. మొదటి రెండు రకాత్‌లు (నమాజ్‌లోని ఆవృత్తులు) పొడిగించి, చివరి రెండు తగ్గిస్తానని సఅద్ చెప్పాడు. “నీ గురించి నేననుకున్నదీ అదే” అన్నారు ఉమర్. అయినా అక్కడితో వదల్లేదు. మనుషులను పంపి కూఫాలో మస్జిద్ మస్జిద్‌కూ తిరిగి అడిగించారు. అందరూ మంచే చెప్పారు, ఒక్క మనిషి తప్ప. సఅద్‌ను పదవి నుంచి తప్పించారు, ఎందుకంటే పాలించేవాడి మీద ప్రజలకు అపనమ్మకం మిగలకూడదు. కానీ 644లో మరణశయ్య మీద ఉండి కూడా ఉమర్ ఆ సంగతి మరచిపోలేదు. సఅద్‌ను అసమర్థత వల్లనో ద్రోహం వల్లనో తీసేయలేదని చెప్పి, తర్వాతి ఖలీఫాను ఎన్నుకునే ఆరుగురిలో ఆయన పేరూ పెట్టారు. పదవి పోయినా పరువు పోకూడదు. ఇప్పటి ప్రభుత్వాలు ఫిర్యాదు వస్తే చేసేది ఈ రెండింటిలో ఏదో ఒకటే. కాపాడతాయి, లేదా బురదలో వదిలేస్తాయి.

మూడో ఖలీఫా ఉస్మాన్ కాలానికి ఇదంతా చేయిదాటింది. 656లో ఈజిప్టు నుంచి వచ్చిన అసమ్మతి బృందం రాజీపడి తిరిగి వెళ్తుండగా, దారిలో ఒక సేవకుడి దగ్గర ఖలీఫా ముద్ర ఉన్న ఉత్తరం దొరికింది. తమను శిక్షించమని గవర్నర్‌కు ఆదేశం. వెనక్కి తిరిగి మదీనాను ముట్టడించారు. ఉస్మాన్ ఆ ఉత్తరం తాను రాయలేదని, రాయించలేదని అన్నారు. ఇద్దరు సాక్షులను తెండి, లేదా నా ప్రమాణం ఒప్పుకోండి, మనిషి పేరుతో దొంగ ఉత్తరం రాయవచ్చు, ముద్రను కూడా అనుకరించవచ్చు అన్నారు. అది ధర్మబద్ధమైన జవాబే, కానీ వినే చెవులు లేవు. ఉత్తరం ఎవరు రాశారన్నది తేలకుండానే ఆయన ఇంట్లోనే ఆయనను చంపేశారు. ఆ రోజుల్లోనే ఆయిషా పేరుతోనూ ఉత్తరాలు తిరిగాయి. తెలుపు మీద నల్ల అక్షరం కూడా రాయలేదని ఆమె ఒట్టేసి చెప్పారు. ‘సరిచూసుకోండి’ అన్న వాక్యం అందరికీ కంఠతా వచ్చు. కానీ ఇరుపక్షాలూ నమ్మే మధ్యవర్తి లేకపోతే సరిచూసేది ఎవరు? నియమం తెలిసి ఉండటానికీ, దాన్ని అమలు చేసే వ్యవస్థ ఉండటానికీ మధ్య ఉన్న దూరంలో ఒక ఖలీఫా ప్రాణం పోయింది.

ఆ గాయంలోంచే ‘ఇస్నాద్’, అంటే మాట ఎవరెవరి నుంచి వచ్చిందో పేర్లు వరసగా చెప్పే పద్ధతి బలపడింది. మొదట్లో హదీసుకు ఆధారం అడిగేవారు కాదు, అంతర్యుద్ధం వచ్చాక ‘మీకు చెప్పినవాళ్ళ పేర్లు చెప్పండి’ అనడం మొదలైందని బస్రా పండితుడు ఇబ్న్ సీరీన్ అన్నారు. ఎవరు, ఎవరి దగ్గర, ఎప్పుడు విన్నారు, ఇద్దరూ ఒకే కాలంలో ఒకే ఊళ్ళో ఉన్నారా, జ్ఞాపకం గట్టిదా, నోరు నిజాయితీదా అని ఒక్కొక్క పేరు తవ్వారు. ఫలానా పెద్దాయన దగ్గర విన్నానన్న మనిషిని ‘ఏ ఏడు?’ అని అడిగి, ఆయన అప్పటికే చనిపోయారని లెక్క తేల్చిన సందర్భాలు ఉన్నాయి. మంచి పని కోసమే కదా అని, ఖుర్ఆన్ చదివే పుణ్యం గురించి హదీసులు కల్పించినవాళ్ళనూ వదల్లేదు. గ్రహణం రోజున ప్రవక్త ఒప్పుకోని మేలైన అబద్ధాన్ని ఈ పండితులూ ఒప్పుకోలేదు. ‘అట’ వెనక మనిషిని నిలబెట్టే పని ఒక శాస్త్రమైంది.

ఇక ఇఫ్క్‌లో నోరు జారిన హస్సాన్. ముసలితనంలో ఆయనకు చూపు పోయింది. ఆయిషా ముందు ఒకసారి ఆమె అక్క కొడుకు ఉర్వా హస్సాన్‌ను తిట్టబోతే, “తిట్టకు, ఆయన ప్రవక్తకు అండగా కవిత్వం చెప్పిన మనిషి” అని ఆపారు. హస్సాన్ ఇంటికి వస్తే లోపలికి రానిచ్చేవారు. ఒకరోజు ఆమె ముందు కూర్చుని ఆమె మీద రాసిన పద్యం చదివాడు. ఆమె పవిత్రురాలు, నిండైన మనిషి, ఏ అనుమానమూ అంటదు, ఎవరి వెనకా చాడీలు చెప్పదు అని.

ఆయిషా విని, “కానీ నువ్వు అలా లేవుగా” అన్నారు.